చూసినందుకు కూడా డబ్బులా?

బండి రిపేరు బిల్లు ఎప్పుడైనా శ్రద్ధగా చూశారా? అందులో రెండే గడులుంటాయి. ఒకటి పార్టులు, రెండోది లేబర్. పార్టు వేశారు కాబట్టి దాని ధర. విప్పి బిగించారు కాబట్టి కూలి. ‘అసలు ఏం పాడైందో కనిపెట్టినందుకు’ అనే మూడో గడి ఎక్కడా కనపడదు. పాత బండ్లతో మనం పడే తిప్పల్లో సగం ఆ లేని గడిలోంచే పుడుతున్నాయని నా వాదన. దాన్ని మాయం చేసిన నేరం మెకానిక్కుల మీదకీ కంపెనీల మీదకీ నెట్టేయడం తేలిక. కంపెనీల పాపం వేరే ఉంది, దానికీ వస్తాను. కానీ ముందు వరసలో నిలబడాల్సింది మనం. డబ్బులిచ్చేవాళ్లం.

ఏ బండ్ల గురించి మాట్లాడుతున్నానో చెప్పాలి. 1994లో టాటా సుమో వచ్చింది. 1998లో సఫారీ. 2000లో క్వాలిస్, బొలేరో. 2002లో స్కార్పియో. ఈ జాతి డీజిల్ బండ్లు లేకుండా మన ఊళ్లలో ఒక తరం పాటు పెళ్లి జరగలేదు, తిరుపతి ప్రయాణం జరగలేదు, ఎన్నికల ప్రచారం అసలే జరగలేదు. ఏడుగురు ఎక్కాల్సిన చోట పదకొండు మందినీ, వాళ్ల బ్యాగుల్నీ, ఒక బియ్యం మూటనీ మోసిన బండ్లవి. ఇప్పుడు ముసలివయ్యాయి. కొన్ని తుక్కుకి పోయాయి. మిగిలినవి ఇంకా తిరుగుతున్నాయి: ఊళ్లో నాన్న దగ్గర, ట్రావెల్స్ నడుపుకునే బాబాయి దగ్గర, సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కుని లడఖ్ కలలు కనే మన ఫ్రెండ్స్ దగ్గర. వీటికొచ్చే జబ్బుల్లో మనిషిని బాగా ఏడిపించేవి రెండు. పొద్దున్నే స్టార్ట్ కాకపోవడం ఒకటి. నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం రెండోది.

ఆ రెండోదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఘాట్ రోడ్డు దిగుతుండగా ఇంజిన్ ఆగిపోతే పవర్ స్టీరింగ్ ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ బూస్టర్‌లో మిగిలున్న బలం రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది. ఆ తర్వాత కూడా బ్రేకు పడుతుంది గానీ, పెడల్ మీద లేచి నిలబడ్డంత బలం పెట్టాలి. వెనక సీట్లో పిల్లలుంటారు. ‘ఎందుకు ఆగింది?’ అన్న ప్రశ్నకి జవాబు దొరక్కుండానే తాళాలు చేతికిచ్చి పంపేయడం అంటే ఆ పిల్లల్ని మళ్లీ అదే రోడ్డు మీదకి పంపడం.

ముందు మన మాట సంగతి చూద్దాం. ‘బండి స్టార్ట్ అవట్లేదు’ అంటాం. డాక్టర్ దగ్గరికెళ్లి ‘బాలేదు’ అన్నట్టుంటుంది ఇది. పాత తరం డ్రైవర్లు ఎలా మాట్లాడేవాళ్లో గుర్తు తెచ్చుకోండి. ‘సెల్ఫ్ తీసుకోవట్లేదు’ అంటే ఒక అర్థం. ‘సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు’ అంటే ఇంకో అర్థం. ‘అందుకుంటోంది గానీ నిలబడట్లేదు’ అనేది మూడోది. మొదటి మాట వినగానే మెకానిక్ కరెంటు దారి పట్టుకుంటాడు: బ్యాటరీ, టెర్మినల్స్, ఎర్త్ వైరు, సెల్ఫ్ మోటార్. రెండో మాట వింటే డీజిల్ లోపలికి వెళ్తోందా, మండడానికి వేడి అందుతోందా అని చూస్తాడు. మూడోది వింటే, వస్తున్న డీజిల్ మధ్యలో ఎక్కడో తెగుతోందని పసిగడతాడు. తీసుకోవడం, అందుకోవడం, నిలబడటం. మూడు తెలుగు క్రియలు, మూడు వేర్వేరు దారులు. ఇంజనీరింగ్ చదువుకున్న మనం ఈ మూడింటినీ కలిపి ‘స్టార్టింగ్ ఇష్యూ’ అని ఒక ముద్ద చేశాం. తెలుగు పోతోందని ఏడాదికి నాలుగు సభలు పెట్టుకుంటాం కదా, ఈ పోవడం మాత్రం మన లెక్కలోకి రాదు.

మెకానిక్ అడగాల్సిన ప్రశ్నలకి, మనం చెప్పాల్సిన జవాబులకి పైసా ఖర్చు లేదు. తాళం తిప్పితే ‘టక్’ అని ఒక్క శబ్దం వచ్చి ఆగిందా, ‘టకటకటక’ అని కొట్టుకుందా? టకటకలైతే చాలావరకు బ్యాటరీలో దమ్ము లేదు, లేదంటే టెర్మినల్ వదులుగా ఉంది. ఒక్క టక్ అయితే సెల్ఫ్ మోటార్ సోలనాయిడ్ వైపో, దానికి వచ్చే మందపాటి వైర్ల వైపో చూడాలి. ఇక్కడ కొన్ని వందలకి దొరికే మల్టీమీటర్ చాలా నిజాలు చెప్తుంది. పూర్తిగా చార్జయిన బ్యాటరీ, బండి ఆపి ఉన్నప్పుడు, 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కిందికి పడిపోతే దాన్ని అనుమానించాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. చూపించట్లేదంటే చార్జింగ్ దగ్గర తేడా, అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో అదీ పడుకుంటుంది. మీటర్ పుల్ల ఒకటి బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజిన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ దారిలో ఎక్కడో తుప్పో, వదులో ఉంది. ఈ పరీక్షకి ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషం కేటాయించకపోవడం వల్ల ఎన్ని మంచి బ్యాటరీలు పాత ఇనుము కొట్టుకి చేరాయో!

ఇంజిన్ తిరుగుతోంది, అందుకోవట్లేదనుకోండి. బండి వెనక్కెళ్లి సైలెన్సర్ వైపు చూడండి. తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ లోపలికి వెళ్తోంది, సరిగ్గా మండట్లేదు. హీటర్ ప్లగ్గులు, కంప్రెషన్, టైమింగ్ వైపు వెళ్లాలి. పొగే లేదంటే డీజిల్ చేరట్లేదు. పాత రోటరీ పంపు బండ్లలో పంపు మీద కట్-ఆఫ్ సోలనాయిడ్ ఉంటుంది. తాళం ఆన్ చేయగానే అక్కడ చిన్న క్లిక్ వినపడాలి, వినపడకపోతే దానికి కరెంటు వస్తోందో లేదో చూడాలి. కామన్ రెయిల్ బండ్లలో అయితే మీటర్ బోర్డు మీద ఆర్‌పీఎమ్ ముల్లుని గమనించండి. సెల్ఫ్ కొడుతుంటే చాలా బండ్లలో అది కొంచెమైనా కదులుతుంది. కదలకుండా పడుంటే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. వేడెక్కాక ఆగిపోయి, అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యే బండిలోనూ ముందు పట్టుకోవాల్సింది ఆ సెన్సర్నే.

ఇరవై ముప్ఫై కిలోమీటర్లు చక్కగా నడిచి, తర్వాత గుంజుకుంటూ ఆగేది ఇంకో రకం. ట్యాంకు మూత తిప్పగానే ‘స్స్’ మని గాలి లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత బండి మామూలుగా నడిచిందంటే, మూతకుండే గాలి దారి మూసుకుపోయింది. ట్యాంకులోకి గాలి రాకపోతే డీజిల్ బయటికి రాదు. స్ట్రా పైన వేలు పెట్టి మూస్తే నీళ్లు కిందికి జారకపోవడం చిన్నప్పుడు అందరం చూసిందే.

ఇందులో రహస్య విద్య ఏమీ లేదు. అన్నీ ఒకే పద్ధతి మీద నడుస్తాయి. సగం అవకాశాల్ని ఒకే ప్రశ్నతో కొట్టేయడం, మిగిలిన సగాన్ని ఇంకో ప్రశ్నతో మళ్లీ సగం చేయడం. అయిదారు ప్రశ్నలు అయ్యేసరికి ఒకటో రెండో మిగులుతాయి. అప్పుడు స్పానర్ పట్టుకోవాలి. మన వర్క్‌షాపుల్లో జరిగేది దీనికి తలకిందులు.

నా బండి 2009 మోడల్, కామన్ రెయిల్ డీజిల్. కంపెనీ పేరు అనవసరం. పొద్దున పూట అయిదారు సెల్ఫులు కొడితే గానీ అందుకునేది కాదు. అందుకున్నా కాసేపటికే ఆగేది. పోనుపోను సిగ్నళ్ల దగ్గర కూడా ఆగడం మొదలైంది. ఒక సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను. మొదటిసారి బ్యాటరీ మార్చారు. రెండోసారి హీటర్ ప్లగ్గులు. మూడోసారి డీజిల్ ఫిల్టర్. మూడుసార్లూ ‘ఇప్పుడు ఓకే మేడమ్’ అన్నారు. మూడుసార్లూ వారం తిరక్కుండా అదే తంతు. నాలుగోసారి నాలుగు ఇంజెక్టర్లూ, హై ప్రెషర్ పంపూ మార్చాలని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. లక్షన్నర దాటింది. బండి అమ్మితే రెండున్నర రావడమే గొప్ప. ‘ఇంజెక్టర్లు పోయాయని ఎలా తెలిసింది?’ అని అడిగాను. ‘స్కానర్‌లో కోడ్ వచ్చింది మేడమ్’ అన్నాడు అడ్వైజర్. ఇంజెక్టర్లని పరీక్షించడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ పైపు దగ్గర ఒక్కో చిన్న సీసా పెట్టి ఇంజిన్ తిప్పుతారు. మిగతావాటి కంటే గబగబా ఏ సీసా నిండుతుందో ఆ ఇంజెక్టర్ లోపల అరిగినట్టు లెక్క. అది చేశారా అని అడిగితే, ‘ముందు ఇవి మార్చి చూద్దాం మేడమ్’ అన్నాడు.

మార్చి చూద్దాం! తెలుగులో రెండు క్రియలు పక్కపక్కన పెడితే ఏది ముందు, ఏది తర్వాత అన్నది చాలా ముఖ్యం. చూసి మార్చడం రిపేరు. మార్చి చూడటం జూదం. పైగా ఇందులో పందెం కాసే డబ్బు మనది, ఆడే చెయ్యి ఇంకొకరిది. మార్చిన పార్టు బాగుపడితే వాళ్లు గెలిచినట్టు. బాగుపడకపోతే మనం ఇంకో పార్టు కొంటాం కాబట్టి అప్పుడూ వాళ్లు గెలిచినట్టే.

మా మావయ్య పట్టుబట్టి బెజవాడ ఆటోనగర్‌లో తనకి తెలిసిన ఒక మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాడు. మేస్త్రి బానెట్ ఎత్తలేదు. స్టూలు మీద కూచుని అడగడం మొదలుపెట్టాడు.

‘రాత్రి బండి ఎక్కడ పెడతారమ్మా?’

ఇంటి ముందు ర్యాంపు మీద.

‘మొహం పైకా, కిందికా?’

పైకి.

‘చదునుగా ఉన్న చోట ఎప్పుడన్నా పెట్టారా? అప్పుడు పొద్దున్నే ఎలా లేచింది?’

ఊళ్లో పెట్టినప్పుడు రెండో సెల్ఫ్‌కే లేచింది.

‘ట్యాంకు నిండుగా ఉంటే ఏమన్నా తేడా ఉందా?’

నింపిన రెండు మూడు రోజులు కొంచెం నయం.

‘కింద డీజిల్ చుక్కలేమన్నా పడుతున్నాయా?’

లేదు.

అప్పుడు లేచాడు. ఫిల్టర్‌కి వచ్చే పైపు మధ్యలో జానెడు పొడవున, లోపలిది బయటికి కనపడే ప్లాస్టిక్ పైపు తగిలించి సెల్ఫ్ కొట్టమన్నాడు. డీజిల్‌తో పాటు బుడగలు పరిగెత్తాయి. తర్వాత ఒక సీసాలో డీజిల్ పోసి, బానెట్‌కి వేలాడగట్టి, ట్యాంకుతో పని లేకుండా ఆ సీసాలోంచే ఇంజిన్‌కి పెట్టాడు. బండి అందుకుంది, పావుగంట నిలబడింది. అంటే పంపు బాగుంది, ఇంజెక్టర్లు బాగున్నాయి. తప్పు ట్యాంకుకీ ఫిల్టర్‌కీ మధ్య ఉంది. వెతికితే, ఛాసిస్ పక్కన క్లిప్పు కింద రబ్బరు పైపు ఎండిపోయి వెంట్రుకంత పగిలి ఉంది. అక్కడ పంపు డీజిల్‌ని లాగుతుంది, తోయదు. కాబట్టి పగుల్లోంచి డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. ఇక రాత్రంతా మొహం పైకెత్తి నిలబెడితే, ఆ గాలి దన్నుతో పైపులోని డీజిల్ మెల్లగా వెనక్కి, ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే పంపు పీల్చేది గాలి. ఇదంతా స్టూలు మీద కూచుని అడిగిన ప్రశ్నల్లోనే అతనికి సగం పైగా అర్థమైపోయింది.

బిల్లు: రెండడుగుల పైపు, రెండు క్లిప్పులు కలిపి నూట ఎనభై. లేబర్ ఆరొందలు. మావయ్య గయ్యిమన్నాడు. ‘రెండడుగుల పైపుకి ఆరొందలేంటయ్యా? చూసినందుకు కూడా డబ్బులా?’ మేస్త్రి నవ్వేసి వంద తగ్గించుకున్నాడు.

ఈ వ్యాసం ఆ వంద రూపాయల గురించి. నేను ఆ వంద తిరిగి అతనికి ఇచ్చేశాను. నా మనసు కుదుటపడింది గానీ లెక్క మారలేదు. ఇదే మావయ్య సర్వీస్ సెంటర్ బిల్లుల దగ్గర నోరెత్తలేదు. ఎందుకంటే అక్కడ పార్టుకి అట్టపెట్టె ఉంది, పెట్టె మీద హోలోగ్రామ్ ఉంది, బిల్లు మీద జీఎస్టీ ఉంది. వస్తువు చేతిలో పడింది కాబట్టి డబ్బు న్యాయంగానే పోయినట్టు అనిపించింది. లక్షన్నర మిగిల్చిన పది నిమిషాల ఆలోచనకి పెట్టె లేదు, హోలోగ్రామ్ లేదు. కాబట్టి దాని దగ్గర బేరమాడొచ్చు.

ఇప్పుడు ఆ మేస్త్రి స్థానంలో కూచుని ఆలోచించండి. గంట కష్టపడి నూట ఎనభై రూపాయల తప్పు కనిపెడితే తిట్లు, బేరం. కనిపెట్టకుండా పంపు మార్చేస్తే పార్టు మీద కమిషన్, విప్పి బిగించినందుకు పెద్ద లేబర్, పైగా ‘పెద్ద పని చేశాడు’ అన్న గౌరవం. వచ్చే ఏడాది అతను స్టూలు మీద కూచుని ప్రశ్నలెందుకు అడగాలి? మనం ఒక తరం మెకానిక్కులకి ఓపిగ్గా, బిల్లు తర్వాత బిల్లుతో, ఆలోచించొద్దని నేర్పుతున్నాం. నేర్చుకున్నాక ‘ఈ రోజుల్లో మంచి మెకానిక్కే దొరకట్లేదు’ అని వాపోతున్నాం.

సాహిత్య పత్రికలో ఈ డీజిల్ వాసనేంటి అనుకునేవాళ్లు ఒకసారి మన ఇంటి లెక్క చూసుకోవాలి. పుస్తకం వేస్తే కాగితానికి డబ్బులిస్తాం. ప్రింటింగ్‌కి, బైండింగ్‌కి, కవర్ లామినేషన్‌కి, ఆవిష్కరణ సభలో శాలువాలకి కూడా ఇస్తాం. ఎడిటర్‌కి? ప్రూఫులు దిద్దినవాళ్లకి? అనువాదం ఒరిజినల్‌తో పోల్చి తప్పులు పట్టినవాళ్లకి? ‘ఒకసారి చూసి పెట్టండి’ అంటాం. క్రియ గమనించారా? ఇక్కడా ‘చూడటమే’. ఆటోనగర్‌లో ఉచితమైంది ఇక్కడా ఉచితమే. మూడొందల పేజీల పుస్తకంలో ఏ అధ్యాయం దగ్గర కథ ఊపిరాడక ఆగిపోతోందో చెప్పగల మనిషికి మనం ఇచ్చేది ధన్యవాదాల పేజీలో ఒక వరస. ఆ తర్వాత ‘తెలుగులో ఎడిటింగ్ లేదండీ’ అని వ్యాసాలు రాస్తాం.

రాబర్ట్ పర్సిగ్ 1974లో రాసిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’ మనలో చాలామంది అరల్లో ఉంది. అందులో కథకుడి మోటార్‌సైకిల్‌ని షాపువాళ్లు చూడకుండానే విప్పి పాడుచేస్తారు. చివరికి తేలేదేంటంటే అసలు కారణం పాతిక సెంట్ల పిన్ను. మనం ‘క్వాలిటీ’ గురించి రాసిన పేజీల కింద గీతలు గీసి ఫోటో తీసి పెడతాం. పాతిక సెంట్ల పిన్ను దగ్గర మాత్రం ఆగం. ఆ పిన్ను పేజీ అర్థమైన పాఠకుడు మెకానిక్ దగ్గర బేరమాడడని నా నమ్మకం.

‘ఇప్పుడివన్నీ కంప్యూటర్లండీ, స్కానర్ పెడితే అదే చెప్తుంది’ అనేవాళ్లుంటారు. స్కానర్‌ని నేను వద్దనను. కామన్ రెయిల్ బండిలో సెల్ఫ్ కొడుతుంటే రెయిల్ ప్రెషర్ ఎంతవరకు లేస్తోందో లైవ్‌గా చూపించగలిగేది అదే. కానీ కోడ్ అంటే తీర్పు కాదు, ఫిర్యాదు. పి0087 అనే కోడ్‌నే తీసుకోండి. ‘రెయిల్‌లో ప్రెషర్ తక్కువగా ఉంది’ అని దాని అర్థం. ఎందుకు తక్కువైందో కోడ్‌కి తెలీదు. ఫిల్టర్ మూసుకుపోయినా ప్రెషర్ తగ్గుతుంది. పైపులో గాలి చేరినా, పంపు అరిగినా, ఇంజెక్టర్లు లోపల లీకైనా తగ్గుతుంది. ప్రెషర్ బాగానే ఉండి, దాన్ని కొలిచే సెన్సర్ అబద్ధం చెప్తున్నా అదే కోడ్ రావొచ్చు. నూట ఎనభై నుంచి లక్షన్నర దాకా అన్ని ధరల కారణాలూ ఒకే నంబరు వెనక క్యూ కట్టి ఉంటాయి. వాటిలో అత్యంత ఖరీదైనదాన్ని చేత్తో చూపించి ‘కంప్యూటర్ చెప్పింది’ అనడం మోసమైనా కావాలి, బద్ధకమైనా కావాలి. పుస్తకం చదవకుండా దాని వెనక అట్ట చూసి సమీక్ష రాసినట్టే ఇదీ.

ఇక కంపెనీల పాపం. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద మొత్తం రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. అసలు స్పేర్ పార్టులూ, తప్పు కనిపెట్టే పరికరాలూ బయటి మెకానిక్కులకి అందకుండా కట్టడి చేస్తున్నారన్నది అందులో ప్రధానమైన విషయం. తర్వాత అది అప్పీళ్లలోకి వెళ్లింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో జనమే ఓటేసి, కార్ల రిపేరు సమాచారం బయటి వర్క్‌షాపులకీ ఇవ్వాల్సిందేనని తేల్చారు. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ఒకటి తెరిచింది. పోర్టల్ మంచిదే. కానీ హక్కు గురించి ఇంగ్లీషులో చెప్పే వెబ్‌సైట్‌కీ, స్టూలు మీద కూచున్న మేస్త్రికీ మధ్య దూరం చాలా ఉంది. వైరింగ్ డయాగ్రమ్, ఏ సెన్సర్ దగ్గర ఎంత వోల్టేజ్ ఉండాలన్న పట్టిక, ఇవి అతనికి తెలుగులో దొరికిన రోజున ఆ హక్కు గురించి పండగ చేసుకుందాం. ఇప్పటికైతే అతను ఒకరి దగ్గర చూసి, ఇంకొకరిని అడిగి, వేళ్లు కాల్చుకుని నేర్చుకున్నదే సిలబస్. అది కూడా ఎక్కడా రాసి లేదు. ఒక్క మేస్త్రి పోతే ఒక లైబ్రరీ పోయినట్టే.

రోడ్డు పక్క మెకానిక్‌ని దేవుణ్ణి చేస్తున్నానని అనుకోకండి. మార్చి చూసేవాళ్లు అక్కడా బోలెడుమంది. సెల్ఫ్ మోటార్‌ని సుత్తితో నాలుగు తగిలించి ‘అయిపోయింది’ అని పంపేవాళ్లున్నారు. బండి వేడెక్కుతుంటే థర్మోస్టాట్ పీకి పారేసేవాళ్లు, పొగకి మందుగా ఈజీఆర్ దారికి రేకు ముక్క అడ్డం పెట్టేవాళ్లు ఉన్నారు. సర్వీస్ సెంటర్లలోనూ, అడ్వైజర్ టార్గెట్ల వెనకాల, నిజంగా ఆలోచించే టెక్నీషియన్లున్నారు. నా తగాదా ఏసీ గదికీ రేకుల షెడ్డుకీ మధ్య కాదు. చూసేవాడికీ చూడనివాడికీ మధ్య. మన డబ్బు ఇప్పుడు చూడనివాడి వైపే ప్రవహిస్తోంది.

గట్టి అభ్యంతరం ఇంకోటుంది. ‘పాత డీజిల్ బండి, పొగ. దాన్ని బతికించడం ఎందుకు, తుక్కుకి వేసేయొచ్చు కదా?’ ఈ మాటలో నిజముంది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 డీజిల్‌తో పోలిస్తే పదిహేను, ఇరవై ఏళ్ల నాటి డీజిల్ ఇంజిన్ ఎంత బాగా చూసుకున్నా ఎక్కువే వదులుతుంది. రోజూ ఒక్క మనిషి కోసం దాన్ని హైదరాబాద్ ట్రాఫిక్‌లో తిప్పడాన్ని నేను సమర్థించను. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి అయిపోతుంది. పరీక్ష చేయించి అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. ఆ పరీక్షలో నిజంగా ఫెయిలైన బండి పోవాల్సిందే. కానీ ఆలోచించండి. బండి ఉండాలా పోవాలా అన్న నిర్ణయం దాని స్థితిని చూసి తీసుకోవాలి. ఎండిపోయిన రబ్బరు పైపుని ఎవరూ వెతకలేదు కాబట్టి ఇంజిన్ పోయిందని ప్రకటించి తుక్కుకి పంపడం పర్యావరణ స్పృహ అనిపించుకోదు. దాని స్థానంలో వచ్చే కొత్త బండికి ఉక్కు కావాలి, గాజు కావాలి, ఊళ్లో నాన్నకైతే అప్పు కావాలి. ట్రావెల్స్ బాబాయికి ఆ బండే అన్నం. ‘కొత్తది కొనుక్కోవచ్చుగా’ అనే మాట మన ఈఎమ్ఐల లోకంలోంచి వచ్చిన మాట.

మరేం చేయాలి? నేనడిగేవి చిన్నవి. బండి మొరాయించినప్పుడు మెకానిక్‌కి ‘స్టార్ట్ అవట్లేదు’ అని చెప్పకండి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? బండి ఎత్తు మీద ఉందా, పల్లంలో ఉందా? ట్యాంకులో డీజిల్ ఎంతుంది? ఏం శబ్దం వచ్చింది, ఏ రంగు పొగ వచ్చింది? నాలుగు వాక్యాలు ఫోన్‌లో రాసుకుని చదివి వినిపించండి. రాయడం మన పనే కదా. పార్టు మార్చాలని ఎవరన్నా అంటే, ‘ఏ పరీక్ష చేసి ఈ మాట చెప్తున్నారు?’ అని మర్యాదగా అడగండి. జవాబు ‘మార్చి చూద్దాం’ అయితే తాళాలు వెనక్కి తీసుకోండి. మార్చిన పాత పార్టు చేతికివ్వమనండి. వర్క్‌షాపు నడిపేవాళ్లెవరన్నా ఇది చదువుతుంటే, మీ బిల్లులో మూడో గడి వేయండి. ‘తప్పు కనిపెట్టినందుకు’ అని తెలుగులోనే రాయండి, ఎంతో ముందే చెప్పండి. మొదటి నెల కస్టమర్లు గొడవపడతారు. పడనివ్వండి.

వాళ్లు వేసేదాకా ఆగకుండా ఆ గడి మనమే వేయొచ్చు. పాత ఎస్‌యూవీకి కొత్త బ్యాటరీ అంటే వేలల్లో మాట. రేపు ఒక మెకానిక్ పావుగంట చూసి, ఏ పార్టూ మార్చకుండా, ‘ఏం లేదమ్మా, ఎర్త్ వదులైంది, బిగించాను’ అన్నాడనుకోండి. అతనికి ఎంతివ్వాలో ఇంట్లోంచి బయల్దేరే ముందే అనుకుని వెళ్లండి. ఆ బ్యాటరీ ధరలో పదో వంతు అనుకుంటే సరిపోతుంది. బేరమాడకండి. పక్కనున్న మావయ్య ఏమన్నా అంటే, ‘చూసినందుకే ఇస్తున్నా’ అని చెప్పండి.